నేను సీలు వేసిన స్క్రూ

ఒక మనిషి చావుకు నేను కారణం. ఆ చావు తన చేతి వల్లే జరిగిందని ఇంకో మనిషి నమ్మాడు. నమ్మి, ఆ నమ్మకంతోనే బతికి, మొన్న మాఘమాసంలో పోయాడు. ఈ మాటలు ఇన్నేళ్ళలో ఎవరి ముందూ నా నోటి నుంచి రాలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇలాంటివి గుండె మీద బరువుగా ఉంటాయంటారు. నాకు మాత్రం అది గొంతులో ఉండేది. అన్నం ముందు కూర్చున్నప్పుడల్లా తెలిసేది.

మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. నా పేరు రాయను. పిరికితనమే, ఒప్పుకుంటాను. అలా నమ్మి పోయిన పోలయ్య పేరు మాత్రం రాస్తాను. నా పేరు దాచుకుని అతని పేరు బయట పెట్టడం ఏం న్యాయం అని ఆలోచించాను. కానీ అతని జాలరి పాలెంలో చెడిపోయి ఉన్నది అతని పేరే. దాన్ని బాగు చెయ్యాలంటే ఆ పేరుతోనే చెయ్యాలి.

మాది సంగం. నాన్న వరి పండించేవాడు. పెన్న నీళ్ళూ కాలువ నీళ్ళూ తప్ప నాకు వేరే నీళ్ళు తెలియవు. నెల్లూరులో ఇంజన్ల పని నేర్చుకున్నాను. యాభైలు ముగిసి అరవైలు మొదలవుతున్న రోజులవి. మన తీరంలో తెప్పల మీద వేటకు వెళ్ళే వాళ్ళకు మొదటిసారి మరపడవలు ఇస్తున్నారు. ఆ పడవలకు ఇంజన్లు బిగించి, సరిచూసి, డ్రైవర్లకు అప్పగించే పని నాకు దొరికింది. ఇందుకూరుపేట దగ్గర మకాం. ఉద్యోగం వచ్చిందని అమ్మ వీధిలో అందరికీ బెల్లం పంచింది. సముద్రం మీద పని అని విని నాన్న మాత్రం ఆ బెల్లం ముట్టుకోలేదు.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. అది అర్థమైతే తక్కినదంతా అర్థమవుతుంది. పడవ డ్రైవరు చేతిలో ఒక లివరు ఉంటుంది. ముందుకు తోస్తే ఇంజను వేగం పెరుగుతుంది, వెనక్కి లాగితే తగ్గుతుంది. పూర్తిగా వెనక్కి లాగేసినా ఇంజను ఆగిపోకూడదు. నెమ్మదిగా తిరుగుతూ ఉండాలి. ఆ నెమ్మదిని మేము స్లో అంటాం. అది ఎంత ఉండాలన్నది ఒక చిన్న స్క్రూ నిర్ణయిస్తుంది. కాస్త బిగిస్తే స్లో పెరుగుతుంది, కాస్త వదిలితే తగ్గుతుంది. డ్రైవరు ఆ స్క్రూ జోలికి పోడు. అది అక్కడ ఉందని కూడా అతనికి తెలియదు. తెలిసినవాడెవడో సరిగ్గా పెట్టే ఉంటాడని నమ్మి లివరు పట్టుకుంటాడు. మనిషి చెయ్యి వదిలేసినప్పుడు ఇంజను ఎలా నడవాలో ముందే ఎవరో ఒకరు తేల్చి పెట్టాలి. మా పడవలకు అది తేల్చింది నేను.

ఎలా తేల్చాలో నాకు తెలియదని అనను. ఇంజనుతో వచ్చిన పుస్తకంలో ఉంది, నాకు పని నేర్పిన మేస్త్రీ కూడా చెప్పాడు. ఇంజను బాగా వేడెక్కాక, పడవను సముద్రంలోకి తీసుకుపోయి, పడవ వెనక నీళ్ళలో పంకా తిరుగుతుండగా, అలల మీద లివరు లాగుతూ వదులుతూ చూసి పెట్టాలి. ఒడ్డున కట్టేసి ఉన్న పడవలో ఏ స్లో అయినా బాగానే ఉంటుంది. అలలు ఎత్తి కుదేస్తున్నప్పుడే దాని సంగతి బయటపడుతుంది.

మొదటి పడవకు అలాగే వెళ్ళాను. ఆ పడవ డ్రైవరు పోలయ్య. నాకంటే నాలుగైదేళ్ళు చిన్న. నల్లగా, పొడుగ్గా ఉండేవాడు. లివరును కొత్త పెళ్ళికూతురి చెయ్యి పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. అతని చెల్లెలు రమణమ్మ మొగుడు వెంకటేశు కూడా అదే పడవలో పని. బావాబావమరుదులిద్దరూ ఒకే కంచంలో తినేంత స్నేహం. ఏరు సముద్రంలో కలిసే చోటు దాటామో లేదో నాకు కడుపులో తిప్పింది. ఆ చోటును వాళ్ళు మొగ అంటారు. అక్కడ నీళ్ళు ఒకలా ఉండవు. పడవ అంచు పట్టుకుని పేగులు బయటకొచ్చేలా కక్కాను. వెంకటేశు నా నడుము పట్టుకున్నాడు, పడిపోకుండా. పోలయ్య నవ్వలేదు. మొహం అటు తిప్పుకున్నాడు, నేను సిగ్గుపడకూడదని.

ఆ స్థితిలోనే లివరు పూర్తిగా లాగమన్నాను. లాగాడు. ఇంజను రెండు సార్లు దగ్గినట్టు చేసి ఆగిపోయింది.

స్లో తక్కువైంది. ఆ క్షణంలోనే నాకు తెలిసింది. పోలయ్య ఏమైందని అడిగితే, డీజిలు గొట్టంలో గాలి చేరిందని చెప్పాను. స్క్రూ బిగించి మళ్ళీ చూడాలంటే ఇంకా చాలాసేపు అక్కడే ఉండాలి. నాకు ఒడ్డు కావాలి. ఒడ్డుకు వెళ్ళాక బిగిద్దాంలే అనుకున్నాను. వెంకటేశు హ్యాండిల్ వేసి తిప్పాడు, ఇంజను అందుకుంది. వెనక్కి వచ్చేశాం.

మర్నాడు పొద్దున్నే పైఆఫీసరు వచ్చాడు. నేను ఇంకా స్క్రూ ముట్టుకోలేదు. రేవులో కట్టేసిన పడవలో ఇంజను వేసి చూపించమన్నాడు. చూపించాను. ఒడ్డున అది ఎంత ముద్దుగా తిరిగిందో. గోల లేదు, అదురు లేదు, డీజిలు తాగడమూ తక్కువే. ఆయన నా భుజం తట్టి, అన్ని పడవలకూ ఇలాగే పెట్టు అన్నాడు. అప్పుడు నేను నోరు తెరిచి, సార్, ఇది సముద్రంలో ఆగిపోయింది, ఇంకోసారి వెళ్ళి చూడాలి అనాల్సింది. వెళ్ళి చూడాలి అంటే మళ్ళీ పడవెక్కాలి. కక్కుకోవాలి. ఈసారి ఆఫీసరు ఎదుటే.

అలాగే సార్ అన్నాను.

తర్వాత వచ్చిన పడవలన్నిటికీ రేవులోనే, పగ్గం విప్పకుండానే, అదే స్లో పెట్టాను. సముద్రంలో చూశారా అని అడిగిన వాళ్ళకు చూశానన్నాను. డ్రైవర్లు తెలిసీ తెలియక తిప్పి పాడుచేస్తారని చెప్పి ప్రతి స్క్రూకూ తీగ చుట్టి సీసంతో సీలు వేశాను. నిజంగా అందుకేనా? ఈ ప్రశ్న నన్ను నేను చాలాసార్లు అడిగాను. ఎవరైనా దాన్ని విప్పి సరిచేస్తే, ముందు పెట్టింది తప్పని తెలిసిపోతుంది. ఆ భయం కూడా ఆ తీగలో ఉంది. ఎంత పాలు ఉందో ఇప్పటికీ తేల్చుకోలేను.

కొన్ని నెలలు ఏమీ కాలేదు. ఇంజను ఒక్కోసారి నీరసిస్తోందని ఒకరిద్దరు అన్నారు. చెయ్యి అలవాటు పడాలి అన్నాను. అలవాటు పడ్డారు. లివరును ఎప్పుడూ పూర్తిగా లాగకుండా రవ్వంత ముందుకే ఉంచుకోవడం నేర్చుకున్నారు. నేను చేసిన తప్పుకు వాళ్ళ చేతులు సర్దుకున్నాయి. అది చూసి నేనేమనుకున్నానో తెలుసా? చూశావా, ఏం కాలేదు, అనుకున్నాను.

కార్తీకంలో ఈశాన్యం గాలి పట్టిన ఒక ఉదయం. వాన లేదు, ఎండగానే ఉంది. అలలు మాత్రం ఇంతెత్తున లేస్తున్నాయి. వేటకు పోయిన పడవలు ఒక్కొక్కటీ మొగ దాటి లోపలికి వస్తున్నాయి. ఆడవాళ్ళు గంపలతో ఒడ్డున ఉన్నారు. నేనూ అక్కడే ఉన్నాను, ఏదో ఇంజనుకు పైపు మార్చడానికి వచ్చి. పోలయ్య పడవ వస్తోంది. వెనక నుంచి పెద్ద అల లేచింది. అలాంటప్పుడు లివరు లాగి, అలను పడవ కింద నుంచి ముందుకు పోనిచ్చి, వెంటనే పూర్తి వేగం ఇవ్వాలి. లేకపోతే అల పడవను ముక్కు మీద పడేస్తుంది. పోలయ్య లాగాడు. అంత పెద్ద అలను చూసి రవ్వంత ముందుకు ఉంచుకోవాలన్నది ఏ చేతికి గుర్తుంటుంది? పూర్తిగా లాగాడు.

నాకు వినిపించింది. రెండు దగ్గులు. తర్వాత ఏమీ లేదు. చుట్టూ ఉన్న ఎవరికీ ఆ నిశ్శబ్దం అర్థం కాలేదు. నాకు అర్థమైంది. అల ఇంకా పడవ కింద ఉండగానే అర్థమైంది.

వెంకటేశు హ్యాండిల్ తీసుకుని ఇంజను మీదికి వంగడం కనిపించింది. పడవ అడ్డం తిరిగింది. వెనక వచ్చిన అల దాన్ని బోర్లా వేసింది. పోలయ్య, పడవలో ఉన్న ఇంకొకతను ఈదుకుంటూ వచ్చారు. వెంకటేశు పడవ కింద ఇరుక్కుపోయాడు. తెప్పలు వేసుకుని పోయి లాగేసరికి ప్రాణం లేదు. రమణమ్మ గంప ఇంకా చంకలోనే ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా ఆమెకు తోచలేదు.

ఆ సాయంత్రం ఒడ్డుకు లాగి పెట్టిన పడవ దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. పైఆఫీసరు వస్తున్నాడని కబురు. స్క్రూ మీద నా సీలు చెక్కుచెదరకుండా ఉంది. దాన్నే చూస్తూ కూర్చున్నాను. పోలయ్య వచ్చాడు. ఒంటి మీద ఇసుక అలాగే ఉంది. నా పక్కన కూర్చోలేదు, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అన్నా, ఒక మాట అడుగుతా, నిజం చెప్పాల," అన్నాడు.

"ఏంది పోలయ్యా?"

"నేను లివరు ఎక్కువ లాగేసినానా?"

నా చూపు మళ్ళీ సీలు మీదికి పోయింది.

"చెప్పన్నా. ఇంజను తెలిసినోడివి నువ్వు. నాకేం తెలుసు? అల చూసి భయపడినా. గబుక్కున లాగేసినా. అందుకే కదా ఆగిపొయ్యింది?"

ఆ మాట నేను అడగలేదు. అతనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. అవును అంటే చాలు. అంత తేలిక పని నా జీవితంలో ఇంకోటి ఎదురుకాలేదు.

"కొంచెం ఎక్కువే లాగేసినావు పోలయ్యా," అన్నాను. "నిదానంగా లాగి ఉండాల్సింది."

తల ఊపాడు. చాలాసేపు ఊపుతూనే ఉన్నాడు. అక్కడితో ఆగినా బాగుండేది. నేను ఆగలేదు.

"ఆఫీసోళ్ళకి నేనామాట చెప్పన్లే. అల వల్లే జరిగిందంటా. నీ మీదికి రానీను."

పోలయ్య వంగి నా కాళ్ళు పట్టుకున్నాడు. "నువ్వు దేవుడివన్నా," అన్నాడు. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు.

పైఆఫీసరు వచ్చి అడిగాడు. ఇంజను బాగానే ఉంది, అల పెద్దది అని చెప్పాను. ఆయన రాసుకుని వెళ్ళిపోయాడు. అంతటితో ప్రభుత్వం లెక్కలో అది ముగిసింది.

పోలయ్య దాన్ని ముగియనివ్వలేదు. నేను దాచి పెడతానన్నదాన్ని అతను దాచలేదు. వెంకటేశు దినం నాడు పాలెం పెద్దలందరి ముందూ నిలబడి, నా చేత్తోనే నా బావను చంపుకున్నాను, నేనే లివరు తప్పు లాగాను, అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. నేను అక్కడే, పందిరి కింద, నాకు వేసిన కుర్చీలో కూర్చుని ఉన్నాను. అతను చెయ్యని తప్పు ఒప్పుకోవడం విన్నాను. నేను చేసిన తప్పుకు నోరు రాలేదు. ఆ రోజు లేచి నిలబడి ఉంటే ఏమయ్యేది? ఉద్యోగం పోయేది. కొట్టి ఉండేవాళ్ళు కూడా. ఇప్పుడు ఆలోచిస్తే అవి రెండూ చాలా చిన్నవి. అప్పుడు కుర్చీలో కూర్చున్నవాడికి చిన్నవిగా కనిపించలేదు. రమణమ్మ లేచి లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. ఆ తర్వాత అన్న గడప ఆమె తొక్కలేదు.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికంటే నీచమైనది. ఇది చెప్పకపోతే మీరు నన్ను కాస్త జాలితో చూస్తారేమో. చూడకండి.

వెంకటేశు కర్మలు పూర్తయ్యీ అవకముందే, ఏడాది సర్వీసు అని చెప్పి నేను పడవలన్నిటి సీళ్ళూ తెంచాను. ప్రతి స్క్రూనూ బిగించాను. ఈసారి సముద్రంలోకి వెళ్ళాను. ప్రతి పడవలోనూ మొగ దాటి వెళ్ళాను, కక్కుతూనే లివరు లాగించి చూశాను. అంటే ఆ పని నేను చెయ్యగలను. కక్కుకుంటే చచ్చిపోను. ఆ సంగతి ముందే తెలుసుకుని ఉంటే సరిపోయేది. సరిచేశాక ఏ పడవా మొగలో ఆగలేదు.

పోలయ్య పడవకు కొత్త చెక్కలు వేశారు. దానికీ స్క్రూ సరిచేశాను. ఆ పడవను వేరే డ్రైవరుకు ఇచ్చారు. పెద్ద అలల్లో కూడా అది చక్కగా తిరిగింది. ఆ కుర్రాడు రేవులో అందరికీ వినపడేలా, "ఇంజనుదేం తప్పులే, నా చేతిలో చూడండి ఎట్టా తిరగతా ఉండాదో, పోలయ్యకే చెయ్యి కుదర్లా," అనేవాడు. పోలయ్య అక్కడే వల సర్దుతూ వినేవాడు. అవునన్నట్టు తలాడించేవాడు. అంతకుముందు అతని మనసులో ఏ మూలైనా ఒక అనుమానం మిగిలి ఉంటే, దాన్ని కూడా నేను బాగుచేసిన ఆ ఇంజనే తుడిచేసింది. మంచి పని చేసి కూడా అతన్నే దోషిని చేశాను.

తర్వాత అతన్ని ఎవరూ పడవ ఎక్కనివ్వలేదు. వెలి వెయ్యలేదు, తిట్టలేదు. చోటు లేదు అనేవాళ్ళు, అంతే. అతనూ అడగడం మానేశాడు. ఉప్పు మడుల్లో కూలికి పోయాడు. సముద్రం మీద పుట్టినవాడు, సముద్రం నీళ్ళను మడుల్లో ఎండబెట్టి పారతో గీకే పని. కాళ్ళు పగిలి ఉప్పు దిగేది. వచ్చిన దాంట్లో సగం చెల్లెలి గడప ముందు పెట్టి వచ్చేవాడట. ఆమె తీసుకునేది, మాట్లాడేది కాదు.

నాకు మాత్రం ఏటా ఎండుచేపలు పంపేవాడు. నేను నెల్లూరుకు మారిపోయాక కూడా బస్సులో ఎవరో ఒకరి చేతికి ఇచ్చి పంపేవాడు. నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, మంచి కాలమైతే వంజరం ముక్కలు. అన్న మర్చిపోకూడదు, నన్ను కాపాడిన మనిషి, అని చెప్పి పంపేవాడని తెచ్చినవాళ్ళు అనేవాళ్ళు. నా భార్య చింతపులుసు పోసి వండేది. ఎంత మంచివాడండీ అనేది. నేను తినేవాణ్ణి. వద్దని తిప్పి పంపితే ఎందుకో చెప్పాలి కదా. మొదటి ఏడాది ముద్ద దిగలేదు. తర్వాత దిగింది. ఆ తర్వాత రుచి కూడా తెలిసింది. ఒక ఏడాది రావడం ఆలస్యమైతే ఇంకా రాలేదేమని అడిగాను కూడా. నా నోటితో నేనే అడిగాను.

చెబుదామని వెళ్ళలేదా? రెండు సార్లు వెళ్ళాను. మొదటిసారి అతను ఎదురుగా పరుగెత్తుకొచ్చి కుర్చీ ఎక్కడో అరువు తెచ్చి వేశాడు. పిల్లల్ని పిలిచి నా కాళ్ళకు దండం పెట్టించాడు. ఆ పిల్లల ముందు ఎలా చెప్పను అనుకున్నాను. రెండోసారి పిల్లలు లేరు. అయినా చెప్పలేదు. ఇప్పుడు చెబితే అతనికి ఉన్న ఒక్క ఊరటా, నేను అతని పక్షాన నిలబడ్డానన్న నమ్మకం, పోతుంది కదా అనుకున్నాను. ఇది దయ అని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. దయా అది? అతనికి ఊరట ఎందుకు అవసరమైంది? ఎవరి వల్ల అవసరమైంది? అతని చెయ్యి మంచిదేనని తెలిస్తే, నేను పోతే పోయాను, అతనికి సముద్రం తిరిగి వచ్చేది. చెల్లెలు తిరిగి వచ్చేది. వాటిని నా దగ్గర పెట్టుకుని, వాటి బదులు, కాపాడినవాడన్న పేరుతో అతనికి నన్ను ఇచ్చాను.

మాఘంలో పోలయ్య ఛాతీ జబ్బుతో పోయాడని కబురు వచ్చింది. దినానికి వెళ్ళాను. రమణమ్మ వచ్చింది. ఈ వయసుకే జుట్టు నెరిసింది. అన్న ఇంటి గడపలోకి అడుగు పెట్టలేదు, బయట చూరు కింద నిలబడింది. నన్ను గుర్తుపట్టి దగ్గరికొచ్చింది.

"మా అన్న మిమ్మల్ని తల్చుకోని దినం లేదంట సార్," అంది. "మీరైనా ఆయన్ని క్షమించినారు. నాకు మనసు రాలా. చచ్చిపొయ్యేముందు కబురంపినాడు, రమ్మని. నేను రాలా."

ఇంతకంటే తేలిగ్గా చెప్పే సమయం ఇంకోటి ఎప్పుడు వస్తుంది? ఆమె నా మొహంలోకే చూస్తోంది. అమ్మా, క్షమించడానికి అక్కడ ఏమీ లేదు, మీ అన్న తప్పు లేదు అంటే చాలు. ఒక్క ఊపిరి. నేనన్నదేమిటో తెలుసా? "మంచివాడమ్మా," అన్నాను. ఆమె కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది. చెప్పి ఉంటే, రాలేకపోయిన ఆ ఆఖరి పిలుపు ఆమెను బతికినన్నాళ్ళూ తినేసేది. చెప్పకపోతే, చేతికి నెత్తురంటిన అన్న ఒకడు ఆమెకు మిగిలాడు. ఈ రెంటిలో ఏది ఆమెకు మేలు అని ఆలోచించడానికి నాకేం హక్కుంది? మళ్ళీ ఒకరి బదులు నేనే తేల్చేస్తున్నాను. వాళ్ళనడక్కుండా, ఒడ్డునే కూర్చుని.

రమణమ్మ ఆ పాలెంలోనే ఉంది. నెల్లూరు నుంచి బస్సు ఉంది. రేపు వెళ్ళి చెబుతానని ఇక్కడ రాయవచ్చు. రాయను. నా సంగతి నాకు తెలుసు, అది ఇంకో అబద్ధం కావచ్చు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. మీరు క్షమించినా అది చెల్లదు. క్షమించగలిగిన ఒక్క మనిషి ఉప్పు మడుల్లో అయిపోయాడు.

ఒక మాట మాత్రం పైకి అనాలి. ఎవరో ఒకరి ముందు, పూర్తిగా, ఒక్కసారి. పోలయ్య లివరు సరిగ్గానే లాగాడు. అలను చూసిన ఏ డ్రైవరైనా అలాగే లాగుతాడు. లాగినప్పుడు ఇంజను తిరుగుతూ ఉండాల్సింది. అది తిరగలేదు, నా వల్ల.

రాశాను. గొంతు కాస్త వదులైంది. అంతకుమించి ఏమీ మారలేదు.